పాత చీరలతో బొంత: నలుగురు కూర్చుని కుట్టే పద్ధతి

"బీరువాలో అమ్మ నూలు చీరలు ఉన్నాయి. కట్టుకోలేం, పారేయలేం. బొంత కుట్టడం ఎలా?" అని చాలామంది అడుగుతున్నారు. ఆ వెంటనే వచ్చే రెండో ప్రశ్న: "మొదలుపెట్టాం కానీ వెనక వైపంతా ముడతలు పడ్డాయి, ఏం చేయాలి?" ఈ రెంటికీ ఒకటే జవాబు. బొంత చెడేది కుట్టు దగ్గర కాదు, పరవడం దగ్గర, టాకాలు (పొరలు కదలకుండా ముందు వేసి, తర్వాత విప్పేసే పొడుగు కుట్లు) వేయడం దగ్గర. కుట్టు వంకరపోయినా బొంత బొంతే. పొరలు సరిగ్గా పరుచుకోకపోతే మాత్రం ఎంత చక్కటి కుట్టు వేసినా లాభం లేదు. అందుకే కింద పరిచే పనికే ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇక్కడ చెప్పేది ఒక మనిషి పక్కకు సరిపోయే బొంత. ఎక్కడా అతుకు లేకుండా చీర పన్నానే బొంత వెడల్పుగా తీసుకుంటాం. మొదటి బొంతకు ఇదే తేలిక. డబుల్ కాట్ బొంతలు రెండోసారికి ఉంచుకోండి.

లెక్క ముందు చూసుకోండి

మామూలు చీర అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. మూరల్లో చెప్పాలంటే పన్నెండు మూరలు. పన్నా 45 నుంచి 48 అంగుళాలు ఉంటుంది. నాలుగేసి మూరల చొప్పున చింపితే ఒక చీరకు మూడు ముక్కలు వస్తాయి, ఒక్కోటీ 72 అంగుళాల పొడవు.

రెండు చీరలు చాలు. మొదటి చీరలో రెండు ముక్కలు పైపొర, అడుగుపొర. మూడో ముక్క అంచు పట్టీలకు. రెండో చీర మూడు ముక్కలూ లోపలి పొరలు. మొత్తం అయిదు పొరలవుతాయి. ఎండినప్పుడు బరువు సుమారు ముప్పావు కిలో నుంచి కిలో. కోస్తాలో ఏడాది పొడవునా ఇది చాలు. ఆదిలాబాద్ చలికో, అరకు చలికో అయితే ఇంకో రెండు పొరలు వేసుకోవచ్చు. ఏడు దాటితే చేత్తో కుట్టేవాళ్లకు సూది దిగదు.

కావలసినవి

- బాగా వాడిన నూలు చీరలు రెండు
- సూదులు: 5 నుంచి 7 నంబర్ల మధ్యవి, మనిషికి రెండు చొప్పున (నంబరు పెరిగే కొద్దీ సూది సన్నం)
- నూలు దారం: ముతకదైతే ఒంటి పోగున 100 మీటర్లు, దర్జీలు వాడే సన్న రీలు దారమైతే రెండు పోగులు వేయాలి కాబట్టి 200 మీటర్లు
- టాకాలకు వేరే తెల్ల దారం
- దర్జీ సుద్ద, లేదా అరిగిపోయిన సబ్బు బిళ్ల
- అంగుళాల టేపు, పొడుగాటి చెక్క స్కేలు, మంచి కత్తెర
- నడిమి వేలికి తొడుక్కునే లోహపు తొడుగు. కుట్టు సామాను కొట్లో థింబుల్ అంటే ఇస్తారు
- కొవ్వొత్తి ముక్క లేదా తేనె మైనం
- గచ్చుకు అంటించడానికి కాగితం టేపు

దారం లెక్క ఎలా వచ్చిందంటే: అంగుళం ఎడంతో కుడితే 42 వరసలు, ఒక్కోటీ 68 అంగుళాలు, వెరసి 73 మీటర్లు. కుట్టు పైకీ కిందికీ తిరగడానికి, ముడుల దగ్గర వృథాకు మిగతాది. ఒకే రంగు కావాలంటే దారమంతా ఒకేసారి కొనండి. సగంలో మళ్లీ కొట్టుకెళితే అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

దబ్బనం వాడొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. అది గోనె సంచులకు. అరిగిన చీరలో దబ్బనం చేసే చిల్లు తర్వాత మూసుకోదు, అక్కడి నుంచే చిరుగు మొదలవుతుంది.

ఏ చీర పనికొస్తుంది

ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నేత చీర అన్నిటికన్నా మంచిది. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట నూలు చీరలు వాడి వాడి జావలా అయిపోయి ఉంటే అంతకన్నా కావలసింది లేదు. కొత్త నూలు గుడ్డ బిగుతుగా ఉంటుంది, సూది దిగదు, పైగా మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది.

గద్వాల చీరలాంటివాటిలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ ఒకేలా ముడుచుకోవు. అంచు విడగొట్టి, ఒళ్లు మాత్రమే వాడండి. జరీ అంచులూ అంతే. జరీ గుచ్చుకుంటుంది, సూదిని పక్కకు నెడుతుంది, ఉతికే కొద్దీ నల్లబడుతుంది. అంచు తీసేస్తే పన్నా 40 అంగుళాలకు దిగొచ్చు, అయినా ఇబ్బంది లేదు, బొంత అంత వెడల్పే వస్తుంది. పొరలన్నిటినీ ఆ కొలతకే తెచ్చుకోండి. జార్జెట్, పాలిస్టర్ చీరలు జారతాయి, చెమట పీల్చవు. మనసు ఒప్పుకోకపోతే వాటితో సంచులు కుట్టుకోండి, బొంతలో మాత్రం కలపొద్దు.

చీర బలం చూడడానికి రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను పట్టి ఓ మోస్తరుగా లాగండి. పోగులు విడిపోతే అది లోపలి పొరకే. నిలిస్తే పైకి. సాధారణంగా నడుం దగ్గర దోపిన చోట, మడమల దగ్గర చీర ఎక్కువ అరుగుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పలచబడిన చోట్లు కనిపిస్తాయి. అక్కడ పైనుంచి చిన్న ముక్క అతికేయండి, బొంతలో అతుకు అందమే.

రంగు దిగుతుందేమో ఇప్పుడే తేల్చుకోండి. తెల్ల గుడ్డ ముక్కను తడిపి చీర మీద వేసి వేడి ఇస్త్రీ పెట్టె అదిమి పట్టండి. ముక్కకు రంగు అంటితే ఆ చీరను విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగిపోతుందని అంటారు గానీ, అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు చేసేదేమీ లేదు. మూడు నాలుగు ఉతుకుల తర్వాత కూడా దిగుతుంటే, ఆ రంగుకూ తెలుపుకూ పొత్తు కుదరదు. వేరే చీర తీసుకోండి.

కుట్టే పద్ధతి

1. ఫాల్ ఊడదీయండి. చీరల్ని గోరువెచ్చని నీళ్లలో బాగా ఉతికి గంజి మొత్తం వదిలించండి. గంజి ఉంటే సూది దిగదు, లోపల మిగిలితే బొద్దింకలకూ వెండి పురుగులకూ విందు. ఆరాక ఇస్త్రీ చేయండి. ఈ ఇస్త్రీ మానేసినవాళ్లే తర్వాత ముడతల గురించి అడుగుతారు.

2. 72 అంగుళాల దగ్గర చిన్న గాటు పెట్టి, అడ్డంగా ఒక పోగు పట్టుకుని మెల్లగా లాగండి. పోగు వచ్చిన దారి గీతలా కనిపిస్తుంది, ఆ గీత మీద కత్తిరించండి. గట్టి చీరైతే చేత్తో చింపినా పోగు వెంట నేరుగా వస్తుంది. అరిగిన చీరను చింపితే మాత్రం చిరుగు పక్కదారి పడుతుంది.

3. పరిచే పని. దీనికి కనీసం ఇద్దరు ఉండాలి, నలుగురుంటే మరీ మంచిది. తుడిచి ఆరిన గచ్చు మీద అడుగుపొరను తిరగేసి, అంటే మంచి వైపు కిందికి ఉండేలా వేయండి. నలుగురూ నాలుగు మూలలు పట్టి, నేలకు తగిలీ తగలకుండా దించి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నెమ్మదిగా సర్దండి. ముడత పోవాలి, అంతే. సాగదీసి బిగించొద్దు. సాగిన గుడ్డ టేపు తీయగానే వెనక్కి గుంజుకుంటుంది, దాని మీది పొర ముడత పడుతుంది. మూలలూ అంచుల మధ్యభాగాలూ టేపుతో గచ్చుకు అంటించండి.

4. మూడు లోపలి పొరల్ని ఒక్కొక్కటిగా ఇలాగే వేయండి. చీర నిలువు పోగు అన్ని పొరల్లోనూ ఒకే వైపు ఉండాలి. ఒక పొర అడ్డంగా తిరిగితే ఉతికాక అది ఒక దిక్కుకు, మిగతావి ఒక దిక్కుకు ముడుచుకుంటాయి. పలచని ముక్కలన్నీ ఒకే చోట పడకుండా చూడండి. చివర పైపొర, మంచి వైపు పైకి. ప్రతి పొరకూ అరచేయి ఆడించండి. గుడ్డ కింద గాలి బుడగలా తగిలితే దాన్ని అంచుదాకా తోసేయాలి.

5. టాకాలు. తెల్ల దారంతో రెండేసి అంగుళాల పొడుగు కుట్లు. రంగు దారం వద్దు, దాని నలుసులు మిగులుతాయి. ముందు నట్టనడుమ నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస. రెండూ మధ్యలో మొదలుపెట్టి అంచులకు వెళ్లాలి. తర్వాత రెండు వైపులా బెత్తెడు ఎడంతో నిలువు వరసలు, ఆపైన అడ్డ వరసలు. చివర చుట్టూ అంచు వెంట ఒకటి. సూది గచ్చుకు గీసుకుంటూ పోవాలి, అప్పుడే అడుగుపొర అందుతుంది. బెత్తెడు జానెడైతే పని త్వరగా అవుతుంది, అక్కడే బొంత పాడవుతుంది కూడా.

6. టేపు తీసి, ఇద్దరు చెరో చివర పట్టుకుని బొంతను రెండుసార్లు దులపండి. తిరగేసి పరవండి. అడుగుపొర ఎక్కడైనా గుల్లగా లేచిందా? లేస్తే ఆ గడుల్లో టాకాలు విప్పి మళ్లీ వేయండి. ఇప్పుడు పది నిమిషాల పని. కుట్టు పడ్డాక రోజంతా విప్పాలి.

7. గీతలు గీయండి. పొడవు వైపు నట్టనడుమ మొదటి గీత, రెండు చివర్లా రెండేసి అంగుళాలు వదిలి. దాన్నుంచి రెండు వైపులా అంగుళానికొకటి. కొలత ఎప్పుడూ నడిమి గీత నుంచే తీసుకోండి. పక్క గీత నుంచి కొలుస్తూ పోతే పావంగుళం తేడా పదో వరసకు రెండున్నర అంగుళాలవుతుంది. ముదురు రంగు మీద సబ్బు బిళ్ల చక్కగా కనిపిస్తుంది, ఉతికితే పోతుంది. బాల్ పెన్ ఎప్పుడూ వద్దు.

8. దారం. సన్న దారాన్ని రెండు పోగులు వేసేటప్పుడు నాలుగు మూరలు కత్తిరిస్తే, మడతకు రెండు మూరలు వస్తుంది. అంతకన్నా పొడుగైతే చిక్కుపడుతుంది. మైనం మీద ఒకసారి లాగి, చివర ముడి వేయండి. సూదిని గీత పక్కన అంగుళం దూరంలో పైపొరలో గుచ్చి, పొరల మధ్య నడిపి, గీత మీద పైకి తీయండి. దారాన్ని చిన్నగా గుంజితే ముడి టప్పున లోపలికి దిగుతుంది. ముడి పైనా కిందా కనబడకూడదు.

9. కుట్టు. ప్రతి వరసా మధ్యలో మొదలుపెట్టి ఒక చివరకు, మళ్లీ మధ్య నుంచి రెండో చివరకు. ఎడమ చేయి బొంత కింద ఉండాలి. సూది మొన కింది వేలికి తగిలితేనే కుట్టు అడుగుదాకా పోయినట్టు. తగిలిన వెంటనే ఆ వేలితోనే మొనను పైకి నెట్టండి. మూడు నాలుగు కుట్లు సూదికెక్కాక తొడుగున్న వేలితో తోసి లాగండి. అంగుళానికి మూడు నుంచి నాలుగు కుట్లు చాలు. సూదెడు కుట్టిన ప్రతిసారీ ఆ భాగాన్ని రెండు చేతుల మధ్య సాపు చేయండి, బిగిసిన దారం సర్దుకుంటుంది.

10. దారం ముగిసేచోట ఒకే చోట రెండుసార్లు వెనక్కి కుట్టి, సూదిని పొరల మధ్య అంగుళం మేర నడిపి పైకి తీసి కత్తిరించండి. తోక లోపలే ఉండిపోతుంది.

11. వరసలన్నీ అయ్యాకే టాకాలు విప్పండి. ఇప్పటికి బొంత అన్ని వైపులా కొంచెం కుంచించుకుపోయి ఉంటుంది. స్కేలు పెట్టి 43 అంగుళాల వెడల్పు, 70 అంగుళాల పొడవుకు కత్తిరించండి. కత్తెర పెట్టేముందు మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ 82 అంగుళాలకు అటూ ఇటూగా, ఒకదానికొకటి సమానంగా ఉండాలి. అంగుళం కన్నా తేడా ఉంటే బొంత ఏటవాలుగా ఉన్నట్టు. గీతలు సరిచేసుకోండి.

12. అంచు పట్టీ. మొదటి చీరలో మిగిలిన మూడో ముక్క నుంచి పొడవు వెంట రెండున్నర అంగుళాల పట్టీలు నాలుగు తీయండి. ముందు పొడుగు వైపులకు: పట్టీ మంచి వైపును బొంత పైపొరకు ఆనించి, అర అంగుళం లోపలికి కుట్టి, వెనక్కి తిప్పి, కొసను అర అంగుళం లోపలికి మడిచి హెమ్మింగ్ చేయండి. తర్వాత పొట్టి వైపులకు 45 అంగుళాల పట్టీలు, రెండు కొసల్లో అంగుళం లోపలికి మడిచి అదే తీరున. అంచుకు ఎప్పుడూ బలమైన గుడ్డే వాడండి, బొంత ముందు చిరిగేది అక్కడే.

నలుగురు కలిసి కుట్టేటప్పుడు

చేయి తిరిగినవాళ్లకు ఒక వరసకు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది, కొత్తవాళ్లకు అరగంట. ఒక్కరే కూర్చుంటే 42 వరసలకు పది పద్నాలుగు గంటల పని. విసుగొచ్చి బొంత అటక ఎక్కేది ఇక్కడే. నలుగురు కూర్చుంటే భోజనాలయ్యాక మొదలుపెట్టిన వరసలు సాయంత్రం దీపాల వేళకు అయిపోతాయి, మధ్యలో టీలూ కబుర్లూ పోగా.

కానీ నలుగురి చేతులు ఒకలా ఉండవు. ఒకరి కుట్టు బిగువు, ఒకరిది వదులు. బొంతను నాలుగు భాగాలు చేసి ఎవరి భాగం వాళ్లకిస్తే ఒక మూల ముడుచుకుని, ఒక మూల సాగి ఉంటుంది. దానికి బదులు వరసలు పంచండి. నడిమి వరస, దాన్నుంచి ప్రతి నాలుగో వరస చేయి తిరిగినవాళ్లు ముందు వేసేయాలి. మధ్యలో మిగిలిన మూడేసి వరసలు కొత్తవాళ్లకు. రెండు వైపులా కుట్టు పడి ఉంటుంది కాబట్టి గుడ్డ ఎటూ జరగదు, గీత తప్పినా తెలుస్తుంది. బిగువు చేతి పక్కన వదులు చేయి పడి, మొత్తం మీద సరిపోతుంది.

కొత్తవాళ్లకు సూది ఇచ్చేముందు అడుగు చదరంలో అయిదు పొరల ముక్క ఒకటి ఇచ్చి పది వరసలు కుట్టించండి. నోటితో చెప్పేకన్నా, ముక్కను తిరగేసి వెనక వైపు చూపిస్తే వాళ్లకే అర్థమవుతుంది. మొదటి వరసలో సగం కుట్లు వెనక కనబడవు, అయిదో వరసకు కనిపిస్తాయి. పెద్దవాళ్లలో కుట్టు అద్భుతంగా వచ్చీ సూదిలోకి దారం ఎక్కించలేనివాళ్లు ఉంటారు. పిల్లల్ని కూర్చోబెట్టి పది సూదులకు దారం ఎక్కించి ఉంచమనండి.

సూదుల లెక్క మాత్రం కచ్చితంగా ఉండాలి. మొదట ఎన్ని ఇచ్చారో కాగితం మీద రాయండి, లేచేముందు ఎంచండి. ఒకటి తక్కువైతే బొంత మడవకండి. పాత స్పీకరులోని అయస్కాంతం ఉంటే బొంత మీద ఆడించండి, లేదంటే అంగుళం అంగుళం చేత్తో నొక్కి చూడాల్సిందే. టాకాలకు బదులుగా గుండుసూదులు వాడొద్దు, దానికి కారణం కూడా ఇదే.

ఇంకొకటి, ఇది తప్పకుండా జరుగుతుంది: ఒళ్లో పెట్టుకుని కుట్టేవాళ్లు తమ కుచ్చిళ్లనో, కింద ఉన్న దుప్పటినో కలిపి కుట్టేస్తారు. మూడు వరసలకొకసారి లేచి దులపమనండి.

ఎవరి వరసైనా వంకరపోతే విప్పాలా? చాలావరకు అక్కర్లేదు. రెండు సందర్భాల్లోనే విప్పండి: బెత్తెడు మేర కుట్టు అడుగుపొరకు అందనప్పుడు, కుట్టు అరంగుళం కన్నా పొడుగున్నప్పుడు. పొడుగు కుట్లలో కాలి మెట్టెలు, పట్టీల గజ్జెలు తగులుకుని దారం తెగుతుంది. మిగతా వంకరలు మొదటి ఉతుకు తర్వాత వెతికినా కనబడవు. విప్పేదేదో వాళ్లు ఇంటికి వెళ్లాక విప్పండి. మనసు నొచ్చుకున్న మనిషి రెండో బొంతకు రాదు.

ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

వెనక వైపు ముడతలు: అడుగుపొర సాగదీసి అంటించారు, లేదా టాకాల ఎడం పెరిగింది. ఒకటి రెండు చోట్లయితే ఆ వరస విప్పి, గుడ్డను సర్ది మళ్లీ కుట్టండి. అంతటా ఉంటే విప్పే శ్రమ దండగ, ఆ వైపు కిందికి వేసుకుని వాడుకోండి.

కుట్టు వెంటే గుడ్డ చిరగడం: దారం గుడ్డకన్నా గట్టిదైంది. నైలాన్, పాలిస్టర్ దారాలు మెత్తటి నూలును కోసేస్తాయి. నూలు దారమైతే లాగుడు పడినప్పుడు ముందు దారం తెగుతుంది, గుడ్డ మిగులుతుంది. దారం మళ్లీ వేసుకోవచ్చు.

పైన చిన్న కుట్లు, కింద చుక్కలే లేదా ఏమీ లేకపోవడం: సూది మరీ ఏటవాలుగా పోతోంది. నిట్టనిలువుగా గుచ్చండి. అప్పటికీ రాకపోతే పొరలు ఎక్కువయ్యాయి.

దారం మెలిపడి ముడులు: బొంతను పట్టుకుని సూదిని గాల్లో వేలాడదీయండి, దానంతటదే తిరిగి మెలి విడుతుంది. మైనం మర్చిపోయినా ఇలాగే అవుతుంది.

వేలి చివర్లు నొప్పి: కింది చేతి వేలికి చిన్న కాగితపు ప్లాస్టర్ చుట్టండి. మందపాటిదైతే సూది మొన తెలియదు.

వేరే దారులు

ముక్కల బొంత కావాలంటే పైపొర బదులు జాకెట్టు గుడ్డల, పరికిణీల ముక్కలు కలపండి. 5 అంగుళాల చదరాలు 160 కావాలి. ప్రతి వైపూ పావంగుళం కుట్టులోకి పోతే ఒక్కోటీ నాలుగున్నర అవుతుంది. అడ్డం పది, నిలువు పదహారు పెడితే సరిగ్గా 45కు 72. కొత్త జాకెట్టు ముక్కలైతే ముందు ఉతకడం మరవొద్దు. అతుకుల మీద సూది దిగదు, వరసలు అతుకుల పక్కగా పోయేలా గీసుకోండి.

ఇంకో పద్ధతి కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీలది (ఆఫ్రికా మూలాలున్న సముదాయం). వాళ్లు కవంది అనే తమ బొంత కుట్టేటప్పుడు అంచు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ముక్కనూ అక్కడికక్కడే కుట్టేస్తూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. ముక్కలు ముందుగా కలపనక్కర్లేదు, అంచు పట్టీ కూడా అవసరం లేదు. మూలల్లో చిన్న ముక్కలు మడిచి పువ్వుల్లా పెట్టడం దాని గుర్తు. చేయి తిరిగాక ప్రయత్నించండి. మధ్యకు చేరేసరికి గుడ్డ పోగుపడకుండా చూసుకోవడం అందులో కష్టం.

మిషను మీద అయితే 16 నంబరు సూది, కుట్టు పొడవు మూడున్నర నుంచి నాలుగు మిల్లీమీటర్లు, ఫుట్ ఒత్తిడి వదులు. బొంతను రెండు వైపుల నుంచి చాపలా చుట్టి మధ్య వరస ముందు కుట్టండి. పని ఒక పూటలో అవుతుంది. కాకపోతే చేతి కుట్టు మెత్తదనం రాదు, బాగా అరిగిన చీరలు మిషను పళ్ల కింద చిరుగుతాయి.

ఓపిక అసలు లేకపోతే వరసలే వద్దు, బెత్తెడు ఎడంతో ముడులు వేయండి. ముతక దారాన్ని అన్ని పొరల్లోంచి దించి పైకి తీసి, మళ్లీ అక్కడే ఇంకోసారి, పైన గట్టి ముడి. అంచు పట్టీ మామూలే. కొన్నాళ్లకు లోపలి పొరలు అటూ ఇటూ జరుగుతాయి, అది తెలిసే చేయండి.

ఉతకడం, దాచడం

తడిసిన బొంత బరువెక్కుతుంది. ఒంటి తాడు మీద వేస్తే మధ్యలో సాగుతుంది, రెండు తాళ్ల మీద గానీ నులక మంచం మీద గానీ వేయండి. రెండు వైపులా ఎండ తగలాలి, లోపలి పొరల తడి ఆరడానికి పైకి కనిపించేకన్నా ఎక్కువసేపు పడుతుంది. వాషింగ్ మిషనులో చల్లని నీళ్లు, నెమ్మది తిప్పుడు. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకు పంపిస్తుంటే డ్రయర్లో ఎక్కువ వేడి పెట్టొద్దని చీటీ రాసి పెట్టండి, నూలు ముడుచుకుపోతుంది.

దాచేటప్పుడు ఎండిన వేపాకు పాత గుడ్డలో మూటకట్టి మధ్యలో ఉంచండి. పసిపిల్లల బొంతల్లో కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరి పిల్లలకు హాని చేస్తుంది. రెండు మూడు నెలలకొకసారి మడత మార్చండి, ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటే గుడ్డ అక్కడే చిట్లుతుంది.

పట్టీలు పోగా మూడో ముక్కలో 35 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు మిగులుతుంది. దాన్ని సగానికి చేస్తే 35కు 36 వచ్చే రెండు ముక్కలు, మధ్యలో ఇంకో పాత పంచె రెండు పొరలు వేస్తే చంటిపిల్ల కింద పరిచే బొంత. జరీ, గుండీలు, అద్దాలు లేకుండా చూడండి. పక్క తడిపే పిల్లలకు నాలుగు పొరలు మించొద్దు, త్వరగా ఆరాలి. ఏడాది నిండని పిల్లలు నిద్రపోతున్నప్పుడు మీద కప్పడానికి వాడొద్దు, ముఖం మీదికి జారే ప్రమాదం ఉంది. ఎవరో ఒకరు చూస్తుండగా కింద పరిచి ఆడించుకోవడానికే. కొత్తవాళ్ల మొదటి వరసలకు ఈ చిన్న బొంతే సరైన చోటు, గంటా రెండు గంటల్లో చేతికొస్తుంది.